బ్రౌజర్‌లో ఏ పనికి విండో, ఏ పనికి ట్యాబ్: వెబ్ ఆప్షన్లు పెట్టేవారి కోసం

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలు, బ్రాంచీలు ప్రాధాన్య క్రమంలో, పెట్టే రోజుల్లో ఒకే కంప్యూటర్ మీద ఎన్నో పేజీలు తెరవవలసి వస్తుంది. ఆప్షన్లు నమోదు చేసే పేజీ, గత సంవత్సరం చివరి ర్యాంకుల (ఎక్కడ ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో తెలిపే) పీడీఎఫ్, కాలేజీల సొంత వెబ్‌సైట్లు, ఫీజుల వివరాలు, ఇంటి నుంచి దూరం ఎంతో చూసుకోవడానికి మ్యాపు, ఇలా పది పేజీలు ఇట్టే పోగవుతాయి. వీటిలో ఏది ట్యాబ్‌గా ఉండాలి, ఏది విడి విండోగా ఉండాలి అని చాలామంది ఆలోచించరు. ఏది ఎలా తెరుచుకుంటే అలా వదిలేస్తారు. కావలసిన పేజీ సమయానికి దొరకకపోవడం, ఒకటి మూయబోయి అన్నీ మూసేయడం, ఒకరి లాగిన్‌లో మరొకరి వివరాలు కనబడడం వంటి చిక్కులు అక్కడి నుంచే మొదలవుతాయి. ఈ పనినే ఉదాహరణగా తీసుకుని విండోను, ట్యాబ్‌ను ఎప్పుడు ఎలా వాడాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. చెప్పిన షార్ట్‌కట్‌లు విండోస్ కంప్యూటర్లలో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లకు వర్తిస్తాయి. మ్యాక్ వాడేవారు కంట్రోల్‌కు బదులు కమాండ్ కీ నొక్కితే వీటిలో చాలావరకు అలాగే పనిచేస్తాయి.

ముందుగా తేడా ఎక్కడుందో చూడండి

బ్రౌజర్ తెరిచినప్పుడు తెర మీద కనిపించే మొత్తం చట్రం, అంటే కుడివైపు పై మూలన మూసే గుర్తు, పెద్దది చేసే గుర్తు, కిందికి దించే గుర్తు ఉన్నది, ఒక విండో. దాని పై అంచున పక్కపక్కనే పేర్లతో కనిపించే చిన్న పట్టీలు ట్యాబ్‌లు. ఒక్కో ట్యాబ్‌లో ఒక్కో పేజీ ఉంటుంది. విండోలో ఎన్ని ట్యాబ్‌లున్నా మీకు ఆ క్షణంలో కనిపించేది మామూలుగా ఒక్కటే.

ఈ మాత్రం చూడగానే తెలుస్తుంది. అసలు గమనించవలసింది వేరే ఉంది. కంప్యూటర్‌కు, అంటే విండోస్ లేదా మ్యాక్ వ్యవస్థకు, విండోలు మాత్రమే తెలుసు. కింద టాస్క్‌బార్‌లో కనిపించేవీ, ఆల్ట్ + ట్యాబ్ (కీబోర్డు మీది ట్యాబ్ కీ) నొక్కినప్పుడు వరుసలో వచ్చేవీ, తెరలో సగానికి జరపగలిగేవీ, రెండో మానిటర్ మీదికి పంపగలిగేవీ విండోలే. ట్యాబ్‌ల సంగతి బ్రౌజర్‌కు మాత్రమే తెలుసు. (ఎడ్జ్ వాడేవారికి ఆల్ట్ + ట్యాబ్ వరుసలో ట్యాబ్‌లను కూడా చూపే ఏర్పాటు విండోస్ సెట్టింగ్‌లలో ఉంది, కాని అది మినహాయింపే.) ఇక మీరు లాగిన్ అయిన వెబ్‌సైటుకు ఈ తేడాతో దాదాపు పని లేదు. ఒకే బ్రౌజర్ నుంచి వచ్చిన పేజీలు ఒకే విండోలోని రెండు ట్యాబ్‌లలో ఉన్నా, రెండు వేర్వేరు విండోలలో ఉన్నా, ఆ సైటు మిమ్మల్ని ఒకే మనిషిగా చూస్తుంది.

కాబట్టి పేజీ తెరిచే ముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఇది. రెండు పేజీలను ఏకకాలంలో కళ్లముందు పెట్టుకోవాలా? అయితే విండోలు కావాలి. ఒకదాని తర్వాత ఒకటి చూస్తే చాలా? అయితే ట్యాబ్‌లు చాలు. ఒకే సైటులో ఇద్దరు వేర్వేరు మనుషులుగా లాగిన్ కావాలా? అయితే ట్యాబ్ గాని, మామూలు విండో గాని సరిపోవు. ఆ మార్గం కింద విడిగా చెప్పాను.

ట్యాబ్‌లు మొదటి నుంచీ అందరికీ ఉన్నవి కావు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో ట్యాబ్‌లు లేవు. ప్రతి కొత్త పేజీకీ ఒక కొత్త విండో తెరుచుకునేది. 2004 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 1.0 ట్యాబ్‌లను చాలామందికి అలవాటు చేసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోకి అవి 2006లో ఏడో వెర్షన్‌తో వచ్చాయి. ఆ పాత రోజుల్లో నెట్ సెంటర్లలో కంప్యూటర్ నేర్చుకున్నవారు ఇప్పటికీ ప్రతిదానికీ కొత్త విండో తెరవడం, ఫోన్‌తోనే ఇంటర్నెట్ మొదలుపెట్టిన పిల్లలు ముప్పై ట్యాబ్‌లు ఒకే విండోలో కుక్కడం నేను తరచుగా గమనిస్తుంటాను. ఈ రెండు అలవాట్లూ ఇప్పుడు మనం చేయబోయే పనికి సరిపడవు.

తెరవడం, మారడం

కొత్త ట్యాబ్ కోసం కంట్రోల్ + టి, కొత్త విండో కోసం కంట్రోల్ + ఎన్ నొక్కండి. పేజీలో ఉన్న లింకును కొత్త ట్యాబ్‌లో తెరవాలంటే కంట్రోల్ నొక్కి పట్టుకుని ఆ లింకు మీద క్లిక్ చేయండి. మౌస్ మధ్యలోని చక్రాన్ని లింకు మీద నొక్కినా అంతే. షిఫ్ట్ నొక్కి పట్టుకుని క్లిక్ చేస్తే అదే లింకు కొత్త విండోలో తెరుచుకుంటుంది. కాలేజీల జాబితాలో ఉన్న పేర్ల మీద మామూలుగా క్లిక్ చేస్తే జాబితా పోయి దాని స్థానంలో ఆ కాలేజీ పేజీ వచ్చే అవకాశం ఉంది. కంట్రోల్ పట్టుకుని నాలుగైదు పేర్ల మీద వరుసగా క్లిక్ చేస్తే జాబితా ఉన్నచోటే ఉంటుంది, వెనుక నాలుగైదు ట్యాబ్‌లు సిద్ధమవుతాయి. ఈ ఒక్క అలవాటు చాలా సమయం మిగులుస్తుంది.

ట్యాబ్ నుంచి ట్యాబ్‌కు మారడానికి కంట్రోల్ + ట్యాబ్ కీ, విండో నుంచి విండోకు మారడానికి ఆల్ట్ + ట్యాబ్ కీ నొక్కాలి. కంట్రోల్‌తో 1 నుంచి 8 వరకు ఏ అంకె నొక్కితే ఎడమ నుంచి ఆ స్థానంలో ఉన్న ట్యాబ్ వస్తుంది. కంట్రోల్ + 9 మాత్రం తొమ్మిదోదాన్ని కాక, వరుసలో చిట్టచివరి ట్యాబ్‌ను చూపుతుంది.

రెండు విండోలను పక్కపక్కన పెట్టుకోవడం

ఆప్షన్లు పెట్టేటప్పుడు విండోల అసలు ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. చివరి ర్యాంకుల పీడీఎఫ్‌లో ప్రతి కాలేజీకీ, ప్రతి బ్రాంచికీ ఒక వరుస ఉంటుంది. ఆ వరుసలో ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ వర్గాలకు బాలురు, బాలికల వారీగా ర్యాంకులు ఉంటాయి. అటు ఒక అంకె చూసి, ఇటు ఆప్షన్ పేజీలో కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ సరిచూసుకుని ప్రాధాన్య సంఖ్య వేయాలి. రెండూ ఒకే విండోలో రెండు ట్యాబ్‌లుగా ఉంటే, ప్రతి గడికీ ఒకసారి అటు, ఒకసారి ఇటు మారవలసి వస్తుంది. మారిన ప్రతిసారీ వరుస ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి. సీఎస్‌ఈ గడిలో పడవలసిన అంకె పక్కనున్న ఈసీఈ గడిలో పడేది సాధారణంగా ఇలాంటి సందర్భంలోనే.

అందుకని ముందుగా ఆప్షన్ పేజీని ఒక విండోలో తెరవండి. తర్వాత కంట్రోల్ + ఎన్ నొక్కి కొత్త విండోలో పీడీఎఫ్ తెరవండి. ఆ రెండో విండో మీదే ఉండి, విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే అది తెరలో ఎడమ సగాన్ని ఆక్రమిస్తుంది. కుడి సగంలో మిగిలిన విండోల చిన్న బొమ్మలు కనబడతాయి. వాటిలో ఆప్షన్ పేజీ ఉన్న విండో మీద క్లిక్ చేస్తే అది కుడివైపు సర్దుకుంటుంది. పీడీఎఫ్‌లో నిలువు వరుసలు ఎక్కువ కాబట్టి సగం తెర దానికి చాలదు. రెండు విండోలు కలిసే అంచు మీద మౌస్ పెట్టి కుడివైపుకు లాగితే ఒకటి పెరుగుతుంది, రెండోది ఆ మేరకు తగ్గుతుంది. అప్పటికీ ఇరుకుగా ఉంటే కంట్రోల్ పట్టుకుని మైనస్ గుర్తు నొక్కి అక్షరాలను చిన్నవి చేసుకోవచ్చు. ఇక్కడొక విచిత్రం మీరు గమనించవచ్చు: రెండు విండోలలోనూ ఒకే సైటుకు చెందిన మామూలు పేజీలుంటే, ఒకదానిలో అక్షరాలు తగ్గించగానే రెండోదానిలోనూ తగ్గుతాయి. బ్రౌజర్ ఆ పరిమాణాన్ని విండోను బట్టి కాక సైటును బట్టి గుర్తుపెట్టుకోవడమే దీనికి కారణం.

కాలేజీల వెబ్‌సైట్లు, ఫీజుల పేజీ, మ్యాపు వంటివన్నీ పీడీఎఫ్ ఉన్న విండోలోనే ట్యాబ్‌లుగా తెరవండి. ఆప్షన్ పేజీ ఉన్న విండోలో వేరే ట్యాబ్ ఏదీ పెట్టకండి. అది ఒంటరిగా ఉంటేనే పొరపాటున మూతపడే అవకాశం తగ్గుతుంది. అదే ఆప్షన్ పేజీని రెండో ట్యాబ్‌లోనో, రెండో విండోలోనో మరొకసారి తెరవడం కూడా మంచిది కాదు. ఒకచోట అంకెలు మార్చి సేవ్ చేసి, రెండోచోట ఉన్న పాత పేజీ నుంచి మళ్లీ సేవ్ చేస్తే ఏది మిగులుతుందో చెప్పడం కష్టం. ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే డూప్లికేట్ అనే అంశానికి కూడా ఈ పేజీ విషయంలో దూరంగా ఉండండి.

ఇప్పటికే అన్నీ ఒకే విండోలో తెరిచేసి ఉంటే మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. కావలసిన ట్యాబ్ పేరు మీద మౌస్ నొక్కి పట్టుకుని కిందికి లాగి వదిలితే ఆ ట్యాబ్ విడి విండోగా మారుతుంది. అలా విడదీసినప్పుడు పేజీ మళ్లీ లోడ్ కాదు, మీరు గడుల్లో వేసిన అంకెలు అలాగే ఉంటాయి. విడి విండోలోని ట్యాబ్‌ను పట్టుకుని మొదటి విండో పైఅంచున ఉన్న ట్యాబ్‌ల వరుసలో వదిలితే తిరిగి అందులో కలిసిపోతుంది.

ఎడ్జ్‌లో ఒకే ట్యాబ్‌ను నిలువునా రెండుగా చేసి రెండు పేజీలు చూసే ఏర్పాటు కూడా ఉంది. చిన్న లాప్‌టాప్ మీద అది బాగానే ఉంటుంది. రెండో మానిటర్ ఉన్నవారికి మాత్రం రెండు విండోల పద్ధతే మేలు.

ఇద్దరి ఆప్షన్లు ఒకే కంప్యూటర్ మీద

ఇంట్లో కవలలున్నా, స్నేహితులిద్దరు కలిసి కూర్చున్నా, నెట్ సెంటర్‌లో ఒకే మనిషి ఇద్దరికి పెడుతున్నా, ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవండి. మొదటి విద్యార్థి లాగిన్ అయి ఉండగా పక్క ట్యాబ్‌లో రెండో విద్యార్థి వివరాలతో లాగిన్ అయితే, రెండు ట్యాబ్‌లలో రెండు పేర్లు కనబడతాయి కాబట్టి రెండూ విడివిడిగా నడుస్తున్నాయని అనిపిస్తుంది. కాని అది నిజం కాదు. లాగిన్ గుర్తును సైటు కుకీ అనే చిన్న సమాచారపు ముక్క రూపంలో బ్రౌజర్ దగ్గర దాచిపెడుతుంది. ఆ కుకీని బ్రౌజర్‌లోని ట్యాబ్‌లన్నీ, విండోలన్నీ పంచుకుంటాయి. రెండో లాగిన్ జరగగానే మొదటి విద్యార్థి గుర్తు చెరిగిపోయి రెండో విద్యార్థి గుర్తు దాని స్థానంలోకి వస్తుంది. మొదటి ట్యాబ్‌లో పాత పేరు తెర మీద ఉన్నా, అక్కడ సేవ్ నొక్కినప్పుడు సైటు తయారీని బట్టి లాగౌట్ చేయవచ్చు, లేదా ఆ ఆప్షన్లు రెండో విద్యార్థి లాగిన్ కింద నమోదయ్యే ప్రమాదం కూడా ఉంది. కొత్త విండో తెరిచి లాగిన్ అయినా ఇదే జరుగుతుంది.

ఒకరి పని పూర్తిగా ముగించి, లాగౌట్ చేసి, ఆ తర్వాతే రెండోవారిది మొదలుపెట్టడం అన్నిటికన్నా భద్రం. తప్పనిసరిగా ఇద్దరిదీ ఏకకాలంలో తెరవాలంటే రెండోవారి కోసం క్రోమ్, ఎడ్జ్‌లలో కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్, ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్ + షిఫ్ట్ + పి నొక్కి ప్రైవేట్ విండో తెరవండి. క్రోమ్‌లో దీన్ని ఇన్‌కాగ్నిటో అంటారు. మామూలు విండోలోని కుకీలు దీనిలోకి రావు, దీనిలోవి అటు పోవు. అయితే రెండు ప్రైవేట్ విండోలు తెరిస్తే ఆ రెండూ మళ్లీ తమలో తాము కుకీలను పంచుకుంటాయి. కనుక ఈ పద్ధతి ఇద్దరికి పనికొస్తుంది గాని ముగ్గురికి పనికిరాదు. ముగ్గురుంటే వేరే బ్రౌజర్ తెరవాలి, లేదా బ్రౌజర్‌లో ఒక్కొక్కరి పేరిట ఒక్కో ప్రొఫైల్ (కుకీలు విడిగా ఉండే ఏర్పాటు) పెట్టుకోవాలి. ప్రొఫైల్ ఒక్కోదానికి విడి విండో ఉంటుంది. ఒక ప్రొఫైల్ విండోలోని ట్యాబ్‌ను మరొకదానిలోకి లాగడం కుదరదు.

ఫీజు చెల్లించేటప్పుడు వచ్చే చిన్న విండో

ప్రాసెసింగ్ ఫీజు కట్టేటప్పుడు కొన్ని చెల్లింపు సైట్లు బ్యాంకు పేజీని ఒక చిన్న విండోలో తెరుస్తాయి. దానికి ట్యాబ్‌ల వరుస ఉండదు. అడ్రస్ కనిపిస్తుంది గాని మార్చడానికి వీలుండదు. అసలు పేజీ దాని వెనుక, చెల్లింపు పూర్తయిన సమాచారం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ వెనుక పేజీని మూయకండి, రిఫ్రెష్ చేయకండి. మీరు పొరపాటున దాని మీద క్లిక్ చేస్తే చిన్న విండో దాని వెనక్కి వెళ్లి కనబడకుండా పోతుంది. అప్పుడు ఆల్ట్ + ట్యాబ్ నొక్కితే వరుసలో అది దొరుకుతుంది.

చిన్న విండో అసలు తెరుచుకోనే లేదంటే, బ్రౌజర్ దాన్ని పాప్-అప్ అనుకుని ఆపి ఉండవచ్చు. అడ్రస్ బార్ కుడి చివర, ఫైర్‌ఫాక్స్‌లో అయితే పేజీ పైభాగాన, ఆ సంగతి తెలిపే గుర్తు ఉంటుంది. దాని మీద క్లిక్ చేసి ఆ ఒక్క సైటుకు అనుమతి ఇవ్వండి. మళ్లీ చెల్లింపు బటన్ నొక్కే ముందు మీ ఖాతాలో సొమ్ము తగ్గిందేమో చూసుకోండి.

దూరంగా ఉన్నవారికి తెర చూపిస్తూ పెట్టేటప్పుడు

అమెరికాలో ఉన్న అక్కకో, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న బాబాయికో గూగుల్ మీట్‌లో తెర చూపిస్తూ ఆప్షన్లు పెట్టుకోవడం ఇప్పుడు మామూలే. ఏది పంచుకోవాలో మీట్ మూడు రకాలుగా అడుగుతుంది: ఒక ట్యాబ్, ఒక విండో, మొత్తం తెర. ట్యాబ్ ఎంచుకుంటే, మీరు వేరే ట్యాబ్‌లోకి వెళ్లినా అవతలివారికి పంచుకున్న ఆ పేజీ ఒక్కటే కనిపిస్తుంది. విండో ఎంచుకుంటే, ఆ విండోలో మీరు ఏ ట్యాబ్‌లోకి మారితే అది వారికి కనబడుతుంది, పక్కనున్న రెండో విండో మాత్రం కనబడదు. పీడీఎఫ్, ఆప్షన్ పేజీ రెండూ పక్కపక్కన వారికి కనబడాలంటే మొత్తం తెర పంచుకోక తప్పదు. అలా పంచుకున్నప్పుడు మూలన వచ్చే వాట్సాప్ సందేశాలు, ఓటీపీలు కూడా వారికి కనబడతాయి కాబట్టి ముందుగా నోటిఫికేషన్లు ఆపుకోండి. కాల్‌లో బంధువులంతా ఉంటే ఇది మరీ అవసరం.

మూసినవి తిరిగి తెచ్చుకోవడం

కంట్రోల్ + డబ్ల్యూ ఒక ట్యాబ్‌ను మూస్తుంది. కంట్రోల్ + షిఫ్ట్ + డబ్ల్యూ, ఆల్ట్ + ఎఫ్4, కుడి పై మూలన ఉన్న గుణకార గుర్తు, ఈ మూడూ మొత్తం విండోను మూస్తాయి. ట్యాబ్ మీద ఉన్న చిన్న గుణకార గుర్తుకూ, విండో మూలన ఉన్న దానికీ తెర మీద ఎంతో దూరం ఉండదు కాబట్టి తొందరలో ఒకటి నొక్కబోయి మరొకటి నొక్కడం సహజం.

అలా జరిగితే వెంటనే కంట్రోల్ + షిఫ్ట్ + టి నొక్కండి. చివర మూసిన ట్యాబ్ తిరిగి వస్తుంది. క్రోమ్, ఎడ్జ్‌లలో చివర మూసింది విండో అయితే అందులోని ట్యాబ్‌లన్నిటితో సహా వస్తుంది. బ్రౌజర్ పూర్తిగా మూతపడి ఉంటే ముందు దాన్ని తెరిచి, తర్వాత ఇదే నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో మూసిన విండో కోసం కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్ ఉంది. క్రోమ్‌లో అదే ప్రైవేట్ విండో తెరుస్తుందని గుర్తుంచుకోండి. పేజీ తిరిగి వచ్చినంత మాత్రాన గడుల్లో మీరు వేసి సేవ్ చేయని అంకెలు కూడా వస్తాయనుకోవద్దు. ప్రైవేట్ విండోను మూసేస్తే అందులోనివి ఇలా తిరిగి రావు. పది పదిహేను ఆప్షన్లు వేయగానే సేవ్ నొక్కడం, అసలు కంప్యూటర్ దగ్గర కూర్చునే ముందే ఆప్షన్లను కాగితం మీద వరుసగా రాసుకోవడం ఇందుకే అవసరం.

మూసినప్పుడున్న పేజీలతోనే మళ్లీ తెరుచుకునేలా క్రోమ్‌ను సెట్టింగ్‌లలో అమర్చుకున్నవారికి ఒక సూచన. రెండు విండోలను ఒకదాని తర్వాత ఒకటి గుణకార గుర్తుతో మూస్తే, మర్నాడు చివర మూసిన విండో ఒక్కటే తెరుచుకుంటుంది. రెండూ కావాలంటే కుడివైపు ఉన్న మూడు చుక్కల మెనూలో అడుగున ఉండే ఎగ్జిట్ నొక్కి ఒకేసారి బయటికి రండి.

కంప్యూటర్ నెమ్మదించినప్పుడు

విండోలు ఎక్కువైతే కంప్యూటర్ నెమ్మదిస్తుందని, ట్యాబ్‌లైతే పరవాలేదని ఒక అభిప్రాయం ఉంది. అది సరికాదు. మెమరీని వాడుకునేది ప్రధానంగా పేజీలే. పది పేజీలు ఒక విండోలో ఉన్నా, నాలుగు విండోలలో ఉన్నా పెద్ద తేడా ఉండదు. క్రోమ్, ఎడ్జ్‌లలో షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కితే ఏ పేజీ ఎంత మెమరీ తీసుకుంటోందో జాబితా వస్తుంది. మ్యాపు, వీడియోలున్న పేజీలు సాధారణంగా ఎక్కువ తీసుకుంటాయి. వాటిని మూసేయండి.

నెట్ సెంటర్ నుంచి లేచే ముందు

ముందుగా ఆప్షన్ల ప్రింటు తీసుకోండి, లేదా సేవ్ అయిన జాబితాను పీడీఎఫ్‌గా మీ మెయిల్‌కు పంపుకోండి. తర్వాత కౌన్సెలింగ్ సైటులోనూ, మీ మెయిల్‌లోనూ లాగౌట్ నొక్కండి. ట్యాబ్ మూయడం లాగౌట్ కాదు; మీ తర్వాత కూర్చున్నవారు కంట్రోల్ + షిఫ్ట్ + టి నొక్కితే మీ పేజీ మీ లాగిన్‌తోనే తెరుచుకోవచ్చు. ప్రైవేట్ విండో వాడి ఉంటే ఆ రకం విండోలన్నీ మూయండి, ఎందుకంటే ఒక్కటి కిందికి దించి టాస్క్‌బార్‌లో మిగిలిపోయినా ఆ లాగిన్ అలాగే ఉంటుంది. చివరగా ఆల్ట్ + ట్యాబ్ ఒకసారి నొక్కి వరుసలో మీరు తెరిచిన విండో ఏదీ లేదని చూసుకోండి. డౌన్‌లోడ్ చేసిన ర్యాంకు కార్డు, ధ్రువపత్రాల ఫైళ్లు బ్రౌజర్ మూసినా ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి కనుక వాటిని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచి తొలగించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేవండి.